నా బిడ్డ ఆటలో నేను ఏరిన దెబ్బ

మా చిన్నప్పుడు... కోరుట్లలో మా ఇంటి వాకిట్లో అక్కా నేనూ ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. బడి నుంచి వచ్చి సంచి మూలకు విసిరేసి, తడిబట్టలో చుట్టిన తునికాకు ముందేసుకుని కూర్చుంటే దీపాలు పెట్టే వేళ దాకా పోటీయే పోటీ.

అక్క చెయ్యి గాలిలా పోయేది... నాది మెల్లగా. "నీకంటే రెండు కట్టలు ఎక్కువ చుట్టిన, సూడు" అని నాలుక బయటపెట్టి ఎక్కిరించేది.

కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే సేటు మాత్రం అక్క కట్టల్లోంచి సగం లాగి వాపస్ అని పక్కన పడేసేవాడు... ఇది వదులైంది, దీని మూతి విప్పుకుంది అని. నావి ఒకటో రెండో పోయేవి. అప్పుడు మా అమ్మ అక్కతో అనేది... "ఎన్ని చుట్టినవే అని ఎవలడిగిండ్రు? ఎన్ని నిలిచినయో చెప్పు."

ఐదో తరగతితో ఆగిన చదువు నాది. నాకు బాగా వచ్చిన లెక్క అదొక్కటే. ఆ లెక్క నా బిడ్డ ఆటలోకి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు...

పెళ్లయి జగిత్యాల వచ్చాక కూడా చాట నన్ను వదల్లేదు. నా బిడ్డ శ్రావ్య పదహారో ఏట జబ్బుచేసి మంచం పట్టింది. పక్కింటి నాజ్నీన్ దాని దోస్తు. ఎవరింట్లో వాళ్లుండి ఇద్దరూ ఫోన్లలో ఒక ఆట ఆడేవాళ్లు... వింత వింత జంతువులను కొట్లాడించే ఆట. మా దాని జంతువుకు గుడ్లగూబ మొహం, కాళ్లు లేవు, గాలిలో తేలుతుంది.

"ఇది చెయ్యెత్తదమ్మా... మనసుతోనే కొడ్తది."

"మనసుతోని కొడితే తాకుతదా?"

"నువ్వు నాయినను గుర్రుగ సూస్తే తాకుతలేదా? గట్లనే!"

ఒకనాడు నా దగ్గరికి జరిగి కూర్చుంది. నాజ్నీన్‌తో పెద్ద పోటీ ఉందట. గుడ్లగూబకు నాలుగు దెబ్బలే నేర్పొచ్చట... మూడు నేర్పేసింది, ఒక్కటే ఖాళీ.

"ఇగ మనసు దెబ్బలల్ల మూడు మిగిలినయమ్మా. ఒకటి మస్తు పెద్దది, తాకితే ఖతం. కని ఒక్కోసారి గురి తప్పుతది. ఇంకోటి ఇప్పుడు ఇసిరితే రెండు వంతులైనంక పడ్తది. మూడోది సప్పటిది, కొంచెమే తాకుతది... కని ఎన్నడు తప్పది. ఏది పెట్టాలె?"

చాట మీంచి తల ఎత్తకుండానే అన్నాను... "తప్పనిది పెట్టు బిడ్డా."

"సప్పటిది గదమ్మా!"

"పెద్దది ఇసిరి గాలికి పోతే ఏం ఫాయిదా? ఇగ రెండోదంటవా... అది పడేదాక నీ గుడ్లగూబ బతికుండాలె గద?"

పకపకా నవ్వింది. "నీకు ఆట సమజైందమ్మా!" అని తప్పనిదే పెట్టుకుంది.

పోటీనాటి సాయంత్రం నేను గడప బయట కూర్చుని ఆకు కత్తిరిస్తున్నాను. వీధిలో పిల్లల గోల... లోపలి మాట వినబడదు. పని ముగించి లోపలికి వెళ్తే, ఫోన్ బోర్లా పెట్టి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా... పండుకుంట."

ఓడిపోయిందనుకున్నాను... నా మాట విని.

తెల్లారి ఒళ్లు కాలిపోతుంటే ఆసుపత్రికి తీసుకుపోయాం. తొమ్మిది రోజులు... మళ్లీ ఇంటికి రాలేదు.

మూడేళ్లయింది. బిడ్డ పోయిన దుఃఖం అందరికీ తెలుసు. దాని పక్కన ఇంకొకటి ఉందని ఎవరికీ తెలియదు. నా బిడ్డ ఆడిన చివరి ఆట... అందులో గెలుపు కూడా దక్కకుండా చేశానని. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆట కోసమా ఏడుస్తున్నావు అంటారని...

మొన్న సిరిసిల్ల నుంచి నాజ్నీన్ వచ్చింది. వాళ్ల ఇల్లు అక్కడికి మారింది, అక్కడే చదువుకుంటోంది.

"ఇన్నొద్దులు ఎందుకు రాలేదే?"

"నన్ను సూస్తే మీకు బాధైతదని రాలే ఆంటీ."

చాయ్ గ్లాసు చేతికిచ్చి, ధైర్యం చేసి అడిగాను. "ఆ పొద్దు... నా బిడ్డ ఓడిపోయింది గదనే?"

గ్లాసు కింద పెట్టేసింది. "ఓడుడా! ఏం ముచ్చట ఆంటీ? నా ఇజ్జత్ తీసింది!"

తన జంతువు నీడలు చేసుకునే రకమట. వంతుకో నీడ... అసలుది ఏదో ఎదుటివాళ్లకు దొరకదు.

"పెద్ద దెబ్బ పెట్టుకుంటే గాలికే పోతుండె. గా సప్పటిదే ఏసింది, ఏసింది, ఏసింది... ఎన్ని నీడలున్నా అసలుదానికే తాకింది, ఒక్కటి తప్పలే. తిట్టుకుంట కూసున్న నేను."

ఫోన్ తీసి, ఆ రోజు శ్రావ్య పంపిన మాట వినిపించింది. మూడేళ్ల తర్వాత నా బిడ్డ గొంతు...

"ఏం నాజూ... నీడల ఎనక దాసుకుంటివి, దొరికితివా? పెద్దది పెడ్త అనుకున్నవ్ గద! మా అమ్మ ఏరిందే ఇది. మా అమ్మ ఏరినంక ఒక్కటి వాపస్ రాదు... రేపటిదాక ఏడ్సుకుంట కూసో. నేను పండుకుంట, మస్తు అలిసిన."

ఆ మాటల వెనక వీధి పిల్లల గోల, దాని నడుమ టక్... టక్... అని చప్పుడు. నా కత్తెరే. నేను గడప బయట ఆకు కత్తిరిస్తుంటే, లోపల నా బిడ్డ గెలిచి నన్ను పొగుడుతోంది. గోడవైపు తిరిగింది ఓడి కాదు... అలిసి.

ఇద్దరం ఏడ్చాం, ఇద్దరం నవ్వాం. ఆ పూట నాజ్నీన్‌ను కూర్చోబెట్టి అన్నం పెట్టి, నేనూ తిన్నాను. చాలా రోజులకు పప్పులో ఉప్పు తెలిసింది నాకు. బిడ్డ లేదన్న బాధ ఉన్న చోటే ఉంది... దాని పక్కన కూర్చున్న తప్పు మాత్రం లేచి వెళ్లిపోయింది.

మా చిన్నప్పుడు ఎవరు గెలిచారో అక్క అరుపుకే వాడకట్టంతా తెలిసిపోయేది. ఇప్పటి పిల్లలు చప్పుడు లేకుండా ఆడుతున్నారు, చప్పుడు లేకుండా గెలుస్తున్నారు... మీ ఇంట్లో ఎవరైనా ఫోన్ బోర్లా పెట్టి పడుకుంటే, ఎవరు గెలిచారో ఆ పూటే అడగండి.

మీ ఆట, మీ పిల్లల ఆట... ఏదైనా కింద రాయండి. చదవడం నాకు మెల్లగా వస్తుంది... కానీ ఒక్కటీ తప్పిపోకుండా చదువుతాను.