రాజుగారి అంగీలో వేలాడిన దారం

పట్టపగలు, సముద్రం ఒడ్డున, ఊరు ఊరంతా చూస్తుండగా ఒక మహారాజును చారల డ్రాయరు మీద నిలబెట్టిన ఘనత నాది. అప్పుడే నవ్వకండి, అసలు కథ ముందుంది.

అరవైల్లో సంగతి. వాకాడులో ఖాదర్ మాస్టారి దగ్గర కుట్టుపని చేసేదాన్ని. రాజుల కాలం సినిమా తీయడానికి మద్రాసు వాళ్లు మా తీరానికి వచ్చారు. వాళ్ల దర్జీ జ్వరంతో మంచమెక్కడంతో ఆ పని మాస్టారికి దక్కింది. "ఇది కుదిరిందా, సినిమా మొత్తం బట్టలు మీవే. మద్రాసు వచ్చేయండి" అన్నాడు మేనేజరు. జన్మంతా లుంగీలకు అంచులు కుట్టిన మనిషి, ఆ మాటకు కళ్లు తుడుచుకున్నాడు.

"సుగుణా, సైన్యం బట్టలు నేను చూసుకుంటా. రాజు అంగీ నీది. మీ చర్చి నాటకాల్లో ఎన్ని కుట్టలేదు నువ్వు!"

కొంప మునిగింది అక్కడే. మా చర్చిలో క్రిస్మస్ నాటకానికి రాజుల వేషాలంటే అరువు తెచ్చిన పట్టుచీరలే. కత్తెర తగలకూడదు. పొడుగు పొడుగు కచ్చా కుట్లతో మడతలు కలిపి, నాటకం అయ్యాక ఒక్క దారం లాగితే చీర చీరలాగే పాస్టరమ్మ గారి బీరువాలోకి పోవాలి. ఇంత ఖరీదైన జరీ బట్ట మద్రాసు వాళ్లు మాత్రం వెనక్కి అడగరా అనుకున్నాను. ఎంత తెలివి చూడండి! భుజం నుంచి చంక, చంక నుంచి అంచు దాకా ఒకే దారంతో కుట్టేశాను. దూరం నుంచి చూసి మాస్టారు "మాషా అల్లా!" అన్నాడు. నేను నేల మీద నడిస్తే ఒట్టు.

షూటింగు నాడు నేను కుట్టిన అంగీ వేసుకుని హీరో గారు పడవ దిగి కత్తి ఎత్తాలి. సరిగ్గా అప్పుడే ఆయన సహాయకుడు పరుగెత్తాడు.

"సార్, దారం వేలాడుతోంది!"

"లాగమాకయ్యా!" అని అరిచాను.

లాగేశాడు. భుజం జారింది, చెయ్యి ఊడింది, అంగీ మొత్తం తానులాగా ఇసుకలో పరుచుకుంది. మహారాజు కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు, కింద మాత్రం చారల డ్రాయరు.

"ఎవరు కుట్టింది?" మేనేజరు గర్జించాడు.

మాస్టారు ముందుకొచ్చి, "నేనే సార్. కచ్చా కుట్టు మీద మిషన్ వేసేది మరిచినా. పొద్దు వాలకముందే సరిచేస్తా, అల్లా మీద ఆన" అన్నాడు. నావైపు కనీసం చూడలేదు. ఆ క్షణంలో ఆయన కాళ్లు పట్టుకోవాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

మిషను తెచ్చే వ్యవధి లేదు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న జాలరి దగ్గర దారం అడిగి తెచ్చి, హీరోను కదలకుండా నిలబెట్టి, ఒంటిమీదే అంగీ కుట్టేశాడు మాస్టారు. సొరచేప లాగినా తెగని దారం! షాటు అద్భుతంగా వచ్చింది.

అందరూ సర్దుకుంటుంటే హీరో గారు మెల్లగా నా దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, ఇది విప్పేదెట్లా?"

"బట్టే కోసెయ్యాలండీ, ఆ దారం తెగదు."

"కోస్తే చంపేస్తా! రేపు ఇదే అంగీలో పట్టాభిషేకం!" మేనేజరు అడ్డం పడ్డాడు.

హీరో ముఖం వేలాడేశాడు. "లాగడానికి ఒక్క దారమైనా వదల్లేదా తల్లీ?"

సూది మొనతో ఒక్కో కుట్టూ ఊడదీస్తూ కూర్చున్నాను. ఆయన కాఫీ తాగాడు, పేపరు చదివాడు, నిలబడే కునికాడు. మొదటి కుట్టు నాదేనని అప్పుడు మేనేజరుకు చెప్పేశాను. ఆయన చూసి చూసి తల పట్టుకుని మాస్టారి వైపు తిరిగాడు.

"నిలవని కుట్టు ఈమెది, ఊడని కుట్టు మీది. విడివిడిగా ఎవరితోనూ వేగలేను. ఇద్దరూ కలిసి మద్రాసు రండి!"

అలా మా మాస్టారి కల నా తెలివితక్కువతనం మీదుగా పండింది. ఆయన ఆ రోజు నా బదులు మాట పడకపోయుంటే నాకీ బతుకు లేదు. అందుకే బంగాళాఖాతం సాక్షిగా శపథం చేస్తున్నాను: ఇకమీదట రాజులను పూర్తిగా కుట్టనిదే ప్రజల్లోకి వదలను!