ఏది అడిగినా సరే అనే తనిఖీ

ఆఫీసులో ఆమెను అందరూ మేస్త్రి అంటారు. పాత గోడలకు మాట్లు వేసినట్టు పాత డ్రైవర్ కోడ్‌కు మాట్లు వేయడం పదహారేళ్లుగా ఆమె పని. ఆసుపత్రి పసిపిల్లల వార్డులో గుండె చప్పుడు కొలిచే పెట్టెను కంప్యూటర్‌తో మాట్లాడించేది ఆ కోడే. పెట్టె చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇక దానికి దిక్కు ఈవిడే.

మూడు వారాల కిందట వార్డు కంప్యూటర్లకు కొత్త కెర్నెల్, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రామ్, ఎక్కించారు. డ్రైవర్ మొరాయించింది. కారణం చూడబోతే చిన్నదే. మెమరీలో అంకె రాసే ముందు "ఈ చోటు అడిగిన ప్రోగ్రామ్‌దేనా?" అని తనిఖీ చేసే ఫంక్షన్‌కు ఇదివరకు మూడు వివరాలు ఇవ్వాల్సి వచ్చేది, ఇప్పుడు రెండు చాలు. నలభై చోట్ల మొదటిది తీసేస్తే సరి. హడావిడిలో ఎక్కడో తీయకూడనిది తీసేసింది. తనిఖీ ససేమిరా అంది, తెర మీద అంకె పడలేదు. మేనేజరేమో నెత్తిమీద కూర్చున్నాడు.

"మధ్యాహ్నానికల్లా నడవాలమ్మా, ఏదో ఒకటి చెయ్యి!"

చేసింది మహాతల్లి! ఏది అడిగినా తనిఖీ "సరే" అనేలా ఒక్క లైను రాసి పారేసింది. తెర వెలిగింది. రేపు సరిచేద్దాంలే అనుకుంది. ఆ రేపు ఇప్పటిదాకా రాలేదు.

ఇంతలో ఆమె చెల్లెలికి ఏడో నెలలోనే కాన్పయింది. గుప్పెడంత బిడ్డ, అదే వార్డులో, అదే తెర కింద. చూడ్డానికి వెళ్లిన మేస్త్రి కళ్లు బిడ్డ మీద కన్నా తెర మీదే ఉన్నాయి. నూట నలభై రెండు. నిమిషం గడిచింది. నూట నలభై రెండే. ఏ గుండే అంత నిలకడగా కొట్టుకోదు. ఆమెకు పై ప్రాణం పైనే పోయింది.

"సిస్టర్! ఆ తెరని నమ్మకండి, బిడ్డని చూడండి! తప్పు నాది!"

నర్సు పరుగున వచ్చి స్టెతస్కోప్ పెట్టింది. బిడ్డ క్షేమం. అడ్డుకునే తనిఖీ లేక కొత్త అంకెలు వేరే చోటెక్కడో పడుతుంటే, తెర మాత్రం ఎప్పటి అంకెనో పట్టుకుని కూర్చుంది. వెంటనే తొట్టికొక నర్సును నిలబెట్టారు.

మేస్త్రి ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది. చెల్లెలు బిడ్డ మీద చెయ్యి తీయకుండా విన్నది.

"నా కొడుకు ఇక్కడ లేకపోతే చెప్పేదానివేనా, అక్కా?"

చెప్పేదాన్నే అనబోయింది. పక్క తొట్టి దగ్గరి తల్లి కూడా జవాబు కోసం ఆమె వంకే చూస్తోంది.