గోడవతల చల్లగాలి

మా గోడకు కన్నం పెట్టాలంటే మా మరిదిని అడగాలి. అది తప్ప ఇంకేం చెయ్యమన్నా చేసి ఉండేదాన్ని.

ఆ ఏడు ఎండల్లో మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. సాలూరులో లారీ తోలినవాడు నోరు మూసుకుని ఉండడం ఎవరైనా చూశారా? ఈయన గుమ్మంలో దగ్గితే వీధి చివర టీ కొట్టువాడు గ్లాసు కడిగేవాడు. అలాంటి మనిషి మంచం మీద పడి ఉత్త పెదాలు కదుపుతుంటే ఏం కావాలో నాకు తెలిసేది కాదు. మంచినీళ్లు తెచ్చేదాన్ని. అది కాదంటే దుప్పటి తెచ్చేదాన్ని. అదీ కాదంటే ఊరుకునేదాన్ని. నాకు ఏడుపు వచ్చేది కాదు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఏడుస్తుంటే వాళ్లకి టీ పెట్టేదాన్ని. అన్నం తిన్నానో లేదో కంచం చూసుకుంటే గానీ గుర్తొచ్చేది కాదు.

వానలు పడ్డా ఉక్క పోలేదు. ఆయన పడుకునే గదికి కిటికీ లేదు. ఫ్యాను ఉన్న గాలినే అటూ ఇటూ తిప్పేది. వీపంతా చెమటకాయలు లేచి, నడుం దగ్గర తోలు ఎర్రగా కందిపోయింది. డాక్టరు పక్కకి తిప్పి చూసి, "వీపు పుండు పడిందంటే మనిషి దక్కడం కష్టమమ్మా. గది చల్లగా, పొడిగా ఉంచండి," అని చెప్పి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి నాకు ఆయన ప్రాణమంటే ఆ వీపే. పొద్దున లేస్తే దాన్ని చూడడం, పౌడరు వెయ్యడం, మళ్లీ చూడడం.

ఏసీలు బిగించే అతన్ని పిలిపించాను. గదంతా తిరిగి, గోడల మీద వేళ్లతో కొట్టి చూసి తల గోక్కున్నాడు. రెండు ముక్కల ఏసీ అయితే ఆ రెండో ముక్క పెట్టడానికి జాగా లేదట, వీధి దాకా గొట్టాలు లాగితే పని చెయ్యదట.

"గోడలో దూర్చే రకం పెడతానమ్మా. అంతా ఒకటే పెట్టె. సగం లోపల, సగం బయట. సలికాలం ఏడి కూడా ఇస్తాది. ఇదిగో, ఇక్కడ ఎప్పుడో కిటికీ మూసినట్టున్నారు గదా, ఇక్కడ కొట్టేస్తే సులువు."

"దానవతల మాది కాదు బాబూ," అన్నాను.

"ఎవులది?"

"ఈయన తమ్ముడిది."

"తమ్ముడే గదమ్మా! దానికేటి?" అని నవ్వాడు. పాపం, పరాయి ఊరివాడు.

ఆ అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకే లారీ ఉండేది. ఒకరు తోలుతుంటే ఒకరు వెనక బల్ల మీద నిద్రపోయేవారు. బియ్యం వేసుకుని ఘాట్ రోడ్డెక్కి ఒడిశా వెళ్లడం, అటునుంచి ఏ సరుకు దొరికితే ఆ సరుకు తేవడం. ఒకసారి కొండ దిగుతుండగా మలుపులో లారీ పల్టీ కొట్టింది. తోలేది తమ్ముడు. ఇద్దరూ చిన్న చిన్న దెబ్బలతో బయటపడ్డారు. దేవుడు మా వైపు ఉన్నాడనుకుని నేను కొబ్బరికాయ కొట్టేలోపే, మా ఆయన లారీ స్టాండులో అందరి ముందూ, "ఈడు నిద్దరోయాడు," అనేశాడు. "నాను నిద్దరోనేదు, బ్రేకు పట్టనేదు," అన్నాడు తమ్ముడు. ఎవరు వింటారు? పెదవి దాటితే పృథివి దాటుతుంది. స్టీరింగు మీద నిద్రపోయాడన్న మాట మా ఊళ్లో పడ్డాక మా మరిదికి ఎవరూ బండి ఇవ్వలేదు.

ఆ మీదట ఇల్లు పంచుకున్నారు. పెరడు తమ్ముడికి పోయింది, అందులో అతను వేరే ఇల్లు కట్టుకున్నాడు. పెరట్లోకి ఉన్న కిటికీని మా ఆయన దగ్గరుండి ఇటుకలు పెట్టించి మూయించాడు. అక్కణ్నుంచి మగాళ్లకి మాటల్లేవు. వీధిలో ఎదురుపడితే ఒకడు అటు చూసేవాడు, ఒకడు ఇటు చూసేవాడు. ఎన్నేళ్లయినా ఒకడి మొహం ఒకడు సరిగ్గా చూడలేదు. నేనూ, మా తోడికోడలూ కుళాయి దగ్గర నీళ్ల గురించి మాట్లాడుకునేవాళ్లం. అంతకు మించి మాట్లాడుకుంటే, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్డట్టేనని ఇద్దరికీ తెలుసు.

వీధంట చుట్టూ తిరిగి వాళ్లింటికి వెళ్లాను. మరిది ఇప్పుడు ఆటో తోలుకుంటున్నాడు. దాని చక్రం ఊడదీసుకుని కింద కూర్చున్నాడు. నేను కాపరానికి వచ్చిన కొత్తలో నిక్కరేసుకుని నా చేతి ముద్దలు తిన్నవాడు. ఇప్పుడు జుట్టంతా తెల్లబడిపోయింది, బుగ్గలు లోపలికి పోయాయి, గెడ్డం పెరిగిపోయింది. దగ్గర్నుంచి చూసి నేనే ఒక్క క్షణం ఎవరా అనుకున్నాను.

"ఒరే, గోడకి కన్నం పెట్టాల," అన్నాను.

"మీ గోడ మీదే గదా ఒదినా. నన్నడగడమేటి?"

"ఏసీ పెడతన్నాం. దాని వెనక సగం నీ పెరట్లోకి వస్తాది. ఏడిగాలీ, నీళ్లూ మీ కాడే."

అతను నట్టు తిప్పుతూ, "కిటికీ ఉండీది గదా. ఎవులు మూసినారు?" అన్నాడు.

"మేమే మూశాం."

"మీరే మూసి, మీరే కొడతారా?"

"అవున్రా. తిట్టాలనుంటే తిట్టు, కన్నం మాత్రం పెట్టుకోనీ. వీపు పుండు పడితే మీ అన్న దక్కడంట."

అతని చేతిలో పానా ఆగింది. "కొట్టుకోండి," అన్నాడు. అన్న ఎలా ఉన్నాడని అడగలేదు. అడుగుతాడేమోనని నేను కొంచెంసేపు నిలబడ్డాను. నాకు కోపం కూడా రాలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను.

గోడ కొట్టిన రోజు ఇంట్లో ఇటుకపొడి తప్ప ఏమీ కనపడలేదు. మా ఆయన మొహం మీద తడిగుడ్డ వేసి పక్కనే కూర్చున్నాను. పాత ఇటుకలు ఊడి అవతల పడ్డాక గదిలోకి వెలుతురు వచ్చింది. గుడ్డ తీశాను. ఆయన ఆ వెలుతురు వైపే చూస్తూ పడుకున్నాడు. ఏసీ అతను కన్నంలో చెక్క చట్రం బిగించి, నీళ్లు లోపలికి రాకుండా బయటి వైపు కొంచెం వాలుగా పెట్టాడు. తీరా పెట్టె ఎత్తబోతే బరువు ఒక్కడి వల్ల కాలేదు.

"ఎవులైనా అటుపక్క కాసుకోండి బాబూ!" అని కన్నంలోంచి అరిచాడు.

అవతలి నుంచి రెండు చేతులు వచ్చి పెట్టె అడుగు పట్టుకున్నాయి. మనిషి కనపడలేదు. "రానీ... రానీ... రానీ... ఇంకొంచెం రానీ... సాలు!" అన్న గొంతు మాత్రం వినపడింది. లారీ వెనక్కి తీసేటప్పుడు కిందికి దిగినవాడు బాడీ మీద తడుతూ అరిచే అరుపు అది. మా మరిదికి చిన్నప్పట్నుంచి అలవాటు. మా ఆయన ఎడమ చెయ్యి దుప్పటి మీద కొంచెం పక్కకి జరిగింది. పెట్టె కన్నాన్ని నింపేసింది, వెలుతురు పోయింది. చుట్టూ ఉన్న సందులు సిమెంటుతో పూడ్చేశారు.

తర్వాత ఏసీ అతను మంచం పక్కనే నిలబడి రిమోటు నాకు అప్పజెప్పాడు. "ఈ మంచుపువ్వు బొమ్మ సల్లదనానికి. ఈ సూరీడు బొమ్మ ఏడికి. ఇది ఏడిని పుట్టించదమ్మా, మోస్తాది. పువ్వు నొక్కితే లోపల ఏడి బయట పడేస్తాది. సూరీడు నొక్కితే బయట ఏడి లోపల పడేస్తాది. అంతే యవ్వారం. జల్లెడ మాత్రం కడుగుతుండండి, లేపోతే ఊపిరాడదు దానికి."

పువ్వు నొక్కాను. గది చల్లబడింది. కొన్నాళ్లకే వీపు మీద ఎర్రదనం తగ్గింది. ఇక గట్టెక్కామనుకున్నాను.

అప్పుడు ఆయనకి మాట వచ్చింది. ఒకటే మాట. నేను అన్నం కలుపుతుంటే వెనక నుంచి, "ఏడి," అన్నాడు.

కంచం కింద పెట్టి పరిగెత్తాను. మా వైపు వేడిని ఏడి అంటాం, ఎవరికి తెలియదు? పడిపోయిన చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పాపం, చలేస్తోంది కాబోలనుకున్నాను. బిగించినతను ఆయన పక్కనే నిలబడి ఏడి, ఏడి అన్నాడు గదా, ఆ మాట పట్టుకున్నాడనుకున్నాను. ఇన్నాళ్లకి ఏం కావాలో నోరు తెరిచి అడిగాడు. సూరీడు బొమ్మ నొక్కాను.

కాసేపటికి మళ్లీ, "ఏడి." ఇంకొంచెం పెంచాను. "ఏడి." ముప్పై దాకా పెంచాను, ఆ మిషను అంతకంటే ఎక్కదు. బయట భాద్రపదం ఉక్క, లోపల సూరీడు. చెమటలు కారుతూ ఇద్దరం కూర్చునేవాళ్లం. ఆయన దుప్పటి తన్నేస్తాడు, నేను కప్పుతాను. తన్నేసి మళ్లీ ఏడి అంటాడు. ఇదేం చోద్యం? కాసేపు పువ్వు, కాసేపు సూరీడు. వీపు మళ్లీ కందడం మొదలయింది. పువ్వు పెడితే వీపు బాగుంటుంది, మనిషి అల్లాడతాడు. సూరీడు పెట్టినా అల్లాడతాడు. వీపు మాట వినాలా, ఆయన మాట వినాలా తెలియలేదు.

ఒకరోజు నాకు ఒళ్లు మండింది. "ఇంకెంత ఏడి కావాలయ్యా నీకు? పొయ్యి మీద పెట్టమంటావేటి?" అని అరిచాను. ఆయన నన్నే చూశాడు. ఎడమ కంటి పక్క నుంచి నీటిచుక్క జారింది. చెమటనుకుని తుడిచాను.

ఆ మర్నాడు మా తోడికోడలు వచ్చింది. వాటాలయ్యాక ఆవిడ మా గడప తొక్కడం అదే మొదలు. గది గుమ్మం బయటే నిలబడి చీర కొంగు నులుముకుంటోంది.

"అక్కా, ఏటనుకోకు. ఏసీ అంటే బయట సెగ కొడతాదంటారు గదా. మీది మా కాడ సల్లటి గాలి వదులుతన్నాది. పాడైపోనాదేమో, సెప్దామని వచ్చాను. నానైతే మంచం అక్కడే ఏసేసుకున్నాను. మీ మరిది కూడా ఆటో ఆపీసి వచ్చి, దాని కిందే గోడకి జేరబడి కూకుంటారు. లెమ్మన్నా లెగరు."

ఓలమ్మో! మేం లోపల ఉడుకుతూ వాళ్లకి చల్లగాలి పంపుతున్నామన్నమాట. నవ్వొచ్చింది. ఎన్ని నెలలకో నవ్వాను.

లోపలి నుంచి ఆయన, "ఏడి," అన్నాడు.

నా చెయ్యి దానంతట అదే రిమోటు మీదికి పోయింది. ఆవిడ మాత్రం కొంగు నెత్తిన వేసుకుని, మొహం పక్కకి తిప్పి, బావగారికి జవాబు చెప్పింది. "ఆరా బావగోరూ? పక్కూరు కిరాయికి ఎల్లినారు. సందేలకి వచ్చేత్తారు."

ఆయన నోరు మూసుకున్నాడు. నుదుటి మీద ముడి విడింది. మళ్లీ అడగలేదు.

నేను గోడకి జారబడ్డాను. మా నోట్లో వేడీ ఏడే, వాడు ఎక్కడున్నాడని అడిగే ఏడీ ఏడే. ఇన్నాళ్లూ ఆయన మనిషిని అడిగితే నేను సెగ పెట్టాను. తమ్ముడు ఏడి అని ఈయన ఇక్కడ అడుగుతుంటే, ఆ తమ్ముడు గోడకి అటుపక్క వీపు ఆనించి కూర్చుంటున్నాడు. మధ్యలో ఒక ఇనప్పెట్టె.

"సందేల రమ్మను," అన్నాను ఆవిడతో. "నేను రమ్మన్నానని కాదు. వాళ్లన్న ఏడి, ఏడి అని అడుగుతున్నాడని చెప్పు."

పువ్వు బొమ్మ నొక్కి, ఆయన ఒళ్లు తుడిచి, ఉతికిన చొక్కా వేశాను. సాయంత్రం మరిది వచ్చాడు. నేరుగా మంచం దగ్గరికి వచ్చి కింద కూర్చున్నాడు, మొహం అన్న మొహానికి ఎదురుగా వచ్చేలాగ.

"అన్నా," అన్నాడు. "ఆ దినం నాను నిద్దరోనేదన్నా. నీ మీదొట్టు. కన్ను మూయనేదు. ఇప్పటికైనా నమ్ము. మాట రాపోతే తలూపు, సాలు."

మా ఆయన అతని తెల్లజుట్టు చూశాడు, గెడ్డం చూశాడు. మొహమంతా చాలాసేపు వెతికినట్టు చూశాడు. ఆ చూపు అతన్ని దాటి గుమ్మం మీదికి పోయింది.

"ఏడి?" అన్నాడు.

మరిది నా వైపు తిరిగాడు. చెప్పమన్నట్టు ఆయన వైపే చెయ్యి చూపించాను. "నానే అన్నా," అన్నాడు, చెయ్యి పట్టుకుని. "ఇలగ సూడు. నానే."

"ఏడి?" ఆయన గుమ్మం వైపే చూస్తున్నాడు.

మరిది తల దించుకున్నాడు. భుజాలు కదిలాయి. కాసేపటికి మోచేత్తో మొహం తుడుచుకుని, మంచం పట్టీ మీదికి వంగి, చిన్నపిల్లలకి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"బండి తోలుతన్నాడన్నా. నువ్వు తొంగో. ఆడు మెలకువగానే ఉన్నాడు."

మా ఆయన నమ్మినట్టున్నాడు. కాసేపటికి నిద్రపోయాడు.