కంబదూరు అవ్వ అడిగిన ప్రశ్న

బస్సు కళ్యాణదుర్గం దాటేసరికి మా ఉగ్గాని పొట్లాలు ఖాళీ. పొద్దున ఆరున్నరకు అనంతపురంలో ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టే. పక్క సీట్లో సువార్త, నాతోపాటు టైలర్ షాపులో పనిచేస్తుంది. "మీ అవ్వ కోసం కాదు మే, నీకు తోడొస్తాండా" అంది నాలుగోసారి.

కంబదూరు అవతల చిన్న ఆశ్రమం ఉంది. అక్కడి అవ్వ 'నేనెవరు' అని లోపలికి చూసుకోమంటుందని విన్నాను. నాకు నెలకు పైగా సరిగా నిద్ర లేదు. ఒక పెళ్లి రవికెను నేనే తప్పు కత్తిరించి, యజమాని అరిస్తే భయపడి సువార్త పేరు చెప్పాను. ఆయన ఆమెను కటింగ్ మాన్పించి కాజాలు కుట్టడానికి కూర్చోబెట్టాడు. చెప్పింది నేనని ఆమెకు తెలియదనుకున్నాను.

తొమ్మిదిన్నరకు దిగాం. షేర్ ఆటో మనిషికి ఇరవై. రేకుల షెడ్డులో అవ్వ శనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది.

"ఏం కావల్లమ్మా?"

"మనసు బాగలేదు అవ్వా."

"ఎవరికి?"

"నాకు."

"ఆ నువ్వు యాడుండావో చూపించు."

ఎద మీద చేయి పెట్టాను.

"అది రవికె" అంది అవ్వ. సువార్త పడి పడి నవ్వింది.

"కండ్లు మూసుకొని ఎతుకుపో."

అరగంట వెతికాను. వెలుగూ గిలుగూ ఏమీ లేదు. "నేను కాదు, నేను కాదు" అని లోపల ఒకటే గొణుగుడు. ఎవరబ్బా ఇలా అనేదని దానివైపే చూస్తే, అది ఆగిపోయింది. నేను చేసింది మాత్రం ఎదురుగా ఉంది. వింతేమంటే, భయం వేయలేదు.

అన్నం, పప్పు, ఉలవచారు కడుపునిండా పెట్టారు. మీరు పోతే నీళ్ల బాటిల్ మరవొద్దు, ఎండ అలాంటిది.

మూడు గంటల బస్సులో సువార్తకు చెప్పేశాను.

"తెలుసులే" అంది. "చంక కాడ అంత లోతుగా కత్తిరించేది మన షాపులో నువ్వొక్కదానివే."

"మరి తిట్టలేదేం?"

"పోయిన నెల చర్చిలో ప్రభువు బల్ల రొట్టె పళ్లెం నా కాడికి వచ్చినాది. తీసుకునేముందు ఎవరి లోపల వాళ్లు చూసుకోవల్ల. చూసుకుంటే నీ మీద కోపమే ఉండాది. ముట్టకుండా పక్కామెకిచ్చేసినా. రేపు మళ్లా ఉండాది పళ్లెం."

"ఇప్పుడూ ఉందా కోపం?"

"సగం పోయినాది" అని అవ్వ నా ఒడిలో పోసిన శనక్కాయలు లాక్కుంది.

అవ్వ చూడమన్నదీ, వాళ్ల చర్చిలో చూడమనేదీ ఒకటేనా అంటే, చెప్పేంత చదువు నాకు లేదు. ఎటునుంచి చూసినా ముందు కనిపించింది నా అబద్ధమే. అయినా ఇంటికొచ్చేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

మరుసటి పొద్దున, చర్చి మొదలుకాక ముందే, పోయి యజమాని ఇంటి తలుపు కొట్టాను.