పాత పోస్టర్లు పీకే సారు

అమీర్‌పేటలో మాకు బయాలజీ కోచింగ్ ఇచ్చిన సారు క్లాసయ్యాక పంజాగుట్ట దాకా నడిచే వెళ్లేవారు. దారిలో అయిపోయిన బ్యాచ్‌ల పోస్టర్లు కనిపిస్తే ఆగి, గోరుతో గీకి పీకేసేవారు. నాదీ అదే దారి; ఆయన పక్కన నడవాలంటే నాకు సిగ్గేసేది.

ఒకరోజు క్లాసులో ఈస్ట్ కణం గురించి చెబుతున్నారు. ప్రొటీన్‌లోని టైరోసిన్ మీద ఫాస్ఫేట్ అతుక్కుంటే ఆ ప్రొటీన్ పని తీరే మారిపోతుందట.

"గా ఫాస్ఫేట్ అతికించేటందుకే పుట్టిన ఎంజైము ఈస్ట్‌ల లేదు. వేరే పనులున్న ఎంజైములే గీ పని సుత చేస్తయి. పీకేటందుకు మాత్రం ఫాస్ఫటేజులు ఖాస్‌గ ఉన్నయి," అన్నారు.

"ఎందుకంటారు సార్?" అని అడిగాను.

"ఏమో, నాక్కూడా జర వింతనే. గా ఫాస్ఫేట్ పీకకపోతే మాత్రం కణం అది తెచ్చిన పాత కబురే నమ్ముకొని కూసుంటది."

మొన్న ఆ కోచింగ్ సెంటర్‌కి వెళ్తే, సారు మానేసి ఏడాదైందన్నారు అక్కడివాళ్లు. ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. మెట్ల పక్కన గోడ మీద మాత్రం ఆయన ఫొటోతో 'సోమవారం నుంచి కొత్త బ్యాచ్' అని పోస్టర్ ఇంకా ఉంది. ఒకమ్మాయి అందులోని నంబరు ఫోన్‌లో కొట్టుకుంటోంది.

"ఆ సారు ఇప్పుడు లేరమ్మా, మానేశారు," అన్నాను. పోస్టర్ మూల దగ్గర గోరు పెట్టి గీకడం మొదలుపెట్టాను.

గోడ శుభ్రమైంది. నా గోరు సందులో, ఫొటోలోని ఆయన నల్ల కళ్లజోడున్న కాగితం ముక్క ఇరుక్కుంది.