చందమామ ఉయ్యాలకు కట్టిన పీలిక

ముప్పై ఏళ్ల కాపురంలో భర్త చేసిన పని ఒక్కటీ యాదమ్మ కళ్లారా చూసింది లేదు. పోచయ్య వెల్డర్. సైబరాబాదులో అద్దాల మేడలు లేచిన నాటి నుంచీ ఆ మేడల లోపల మెట్లకు కటకటాలు కట్టాడు, గోడల నుంచి గాలిలోకి నిలిచే బల్లలు కట్టాడు. పని ముగిసి రంగులు పడ్డాక ఆ తలుపులు మెడలో కార్డు ఉన్నవాళ్లకే తెరుచుకునేవి. "ఏం జేస్తవో ఏమో, ఇంటికైతె కాలిన అంగీలే తెస్తవు" అని ఆమె ఎత్తిపొడిచేది.

అందుకే కూతురు ప్రవళిక తన ఆఫీసులో పంచిన పాసులు మూడు పట్టుకొచ్చినప్పుడు యాదమ్మ డెంగీ నీరసాన్ని కూడా మరిచిపోయింది. ఖాజాగూడ దగ్గరి మాల్‌లో కొత్తగా తెరిచిన ఫొటోల మ్యూజియం అది. పాత కత్తులూ నాణేలూ ఉండే మ్యూజియం కాదు. తలకిందుల గది, మేఘాల్లో సైకిలు, ఇలా జనం ఫొటోలు దిగి ఫోన్లలో పెట్టుకోవడానికి కట్టిన గదులే అందులో ఉంటాయి. అక్కడి ఇనప పనంతా పోచయ్యదే.

"నాయిన చేసిన చందమామ ఉయ్యాల మీద కూసోని ఫొటో దిగుదువు పా అమ్మా" అంది ప్రవళిక.

ఆ మాట వినగానే పోచయ్య చెప్పులు వెతుకుతున్నట్టు వంగి ముఖం దాచుకున్నాడు.

ఆ ఉయ్యాల అతను పూర్తి చేయకుండా వదిలినది. నెల కిందట, అంతా బిగించి కిందికి దిగాక, గదులన్నిటికీ బొమ్మ గీసిన రసజ్ఞ మేడమ్ కెమెరాలో చూసి, చంద్రుడు రెండడుగులు ఎడమకు జరగాలంది. కుడి తాడును జరిపి పైన స్లాబులో గట్టిగా బిగించాడు. ఎడమ తాడు హుక్కు కోసం స్లాబుకు రంధ్రం వేస్తుండగా డ్రిల్లు మొన విరిగిపోయింది. చంద్రుడు ఎక్కడ వేలాడతాడో మేడమ్‌కు చూపడానికి, ఫాల్స్ సీలింగు లోపల ఏసీ గొట్టాన్ని మోసే సన్న ఇనపపట్టీకి ఆ తాడును తీగతో కట్టాడు. ఉత్త చంద్రుణ్ని ఆ పట్టీ మోస్తుంది. మనిషిని మోయదు. ఆ సంగతి తెలియడానికి తాడుకు ఎర్ర గుడ్డ పీలిక కట్టి, పొద్దున వచ్చి బిగిద్దామని ఇంటికి వచ్చాడు.

పీలిక కట్టడం కూకట్‌పల్లి వెల్డింగ్ షాపులో అబ్బిన అలవాటు. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన కొత్తలో అతను అక్కడ ఇనుము మోసేవాడు. చూస్తూ చూస్తూ పని నేర్చుకున్నాడు. అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది లేదు, ఒక్క మాట తప్ప. ఆ మాట వెంకటనారాయణ మేస్త్రిది. గోదావరి వైపు మనిషి. "ఒరే పోచయ్యా, నోటితో చెప్పిన జాగ్రత్త నువ్వు టీకి వెళ్లేలోపే పోతుందిరా. గుడ్డ కట్టు. గుడ్డ ఉన్నచోట బరువు పెట్టకూడదు. కట్టినవాడే విప్పాలి." ఇన్నేళ్లలో ఏ సైటులోనూ పోచయ్య ఆ మాట దాటలేదు.

మరునాడు పొద్దున యాదమ్మ జ్వరంతో మంచం మీంచి లేవలేకపోయింది. పది రోజులు దవాఖానలోనే గడిచిపోయాయి. అక్కడి నుంచే పోచయ్య కాంట్రాక్టరు ఆదర్శ్‌కు ఫోను చేశాడు.

"సార్, ఎడమ దిక్కు ఉత్తగ కట్టిన. మనిషిని ఎక్కనియ్యకుండ్రి."

"ఫికర్ చేయకన్నా. వేరే మనిషితోటి బిగిపిస్త. నువ్వు వదినెను జూస్కో" అన్నాడు ఆదర్శ్.

పోచయ్య నమ్మాడు. ఆమె ఇంటికొచ్చాక మళ్లీ ఫోను చేసి కనుక్కోవచ్చు, కానీ చేయలేదు. ఏం వినాల్సి వస్తుందోనని భయం. ఇప్పుడు నార్సింగి నుంచి ఆటోలో వెళ్తుంటే ఆదర్శ్ నంబరు తీశాడు, నొక్కకుండానే ఫోను జేబులో పెట్టేశాడు.

మ్యూజియం మొదటి గదిలో మంచం, కుర్చీలు, పొయ్యి, అన్నీ పైకప్పుకు బిగించి ఉన్నాయి. యాదమ్మ తలెత్తి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గివి గిట్ల ఎట్ల నిలవడ్డయి?"

"ఒక్కో కాలికి నాలుగు బోల్టులు" అని గర్వంగా చెప్పబోయిన పోచయ్య సగంలో ఆగిపోయాడు. కుర్చీ కాలికి ఎర్ర పీలిక వేలాడుతోంది. మంచం కోడుకూ ఒకటి. అతను కట్టినవి కావు. పక్కగదిలో మేఘాల్లోని సైకిలుకు రెండు. మెట్లవరుసకు వరుసగా డజను. ఏ ఇనుమును చూసినా ఎర్ర పీలికే. అతని కంటికి ఆ భవనమంతా ఒక్కసారే కూలడానికి సిద్ధంగా ఉన్నట్టు తోచింది.

నల్ల టీషర్టు వేసుకుని జనాన్ని వరుసలో నిలబెడుతున్న కుర్రాడి రొమ్ము మీద ఓంకార్ అని పేరు పట్టీ ఉంది. ఆ అంతస్తుకు మేనేజరు అతనే.

"ఈ గుడ్డలు ఎవలు కట్టిండ్రు సారూ?" అని అడిగాడు పోచయ్య.

"మా రసజ్ఞ మేడమ్ ఐడియా అంకుల్. ఓపెనింగు నాడు చందమామకు ఒక్క ఎర్ర గుడ్డ కట్టుండె. ఎవరో పనోళ్లు మర్శిపోయినట్టున్నరు. ఫొటోల అది మస్తు పడ్డది. ఇగ అన్నిటికి కట్టుమన్నది. ఇప్పుడు జనం దానికోసమే వస్తున్నరు."

పోచయ్య ఆ మాటను మనసులో తిప్పి చూశాడు. తెరిచిన నాటికి తన పీలిక అక్కడే ఉందంటే, హుక్కు ఎవరూ ముట్టలేదేమో. లేదా ఎవరో బిగించి, కట్టినవాడు విప్పలేదు గనుక పీలికను అలాగే వదిలారేమో. రెండూ జరగవచ్చు.

చందమామ గదిలో పదిహేను మంది వరుసలో ఉన్నారు. నీలం గోడ ముందు, నడుమెత్తు గద్దె పైన, నెలవంక మెల్లగా ఊగుతోంది. తాళ్లు నక్షత్రాలు గీసిన పైకప్పులోకి పోయి కనిపించకుండా మాయమయ్యాయి. ఒక అబ్బాయి కూర్చుని రెండు చేతులూ చాపాడు. పోచయ్య ఎడమ కొన వైపు చూశాడు. కుడి కొన కన్నా అది వేలెడు కిందికి ఉంది. తను మట్టం పెట్టి, నీటిబుడగ నడిమధ్యకు వచ్చాకే దిగాడు. ఆ వేలెడు ఎక్కడి నుంచి వచ్చింది?

అబ్బాయి దిగాడు. ఒక అమ్మాయి ఎక్కింది. వరుస కదిలింది.

"నువ్వొద్దు" అన్నాడు యాదమ్మతో, గొంతు తగ్గించి. "నీరసమున్నది. కండ్లు తిరుగుతయి."

"కూసునేదానికి నీరసమేంది? ఈడ నన్ను జూస్తె నీకు సిగ్గయితుందా?"

"అది గాదే."

"ఇన్నేండ్లకు ఒక్కటి జూపిస్తున్నవు. అది గూడ దూరంకెళ్లే జూడాల్నా?"

ఇక్కడ నోరు విప్పితే ఏమవుతుందో పోచయ్యకు తెలుసు. కట్టిందెవరని అడుగుతారు. ఆదర్శ్ తనకేం తెలియదంటాడు. పోలీసులు వస్తారో, రేపటి నుంచి ఏ సైటు గేటూ తెరుచుకోదో. యాదమ్మ చేయి పట్టి బయటికి తీసుకుపోతే చాలు, తన మనిషికి ఏమీ కాదు. ఆమె మణికట్టు పట్టుకున్నాడు కూడా.

అప్పుడే ఇద్దరమ్మాయిలు నవ్వుకుంటూ కలిసి ఉయ్యాల ఎక్కారు. ఎడమ కొన ఇంకొంచెం దిగింది. పైన ఎక్కడో ఇనుము ఇనుమును గీకిన చిన్న చప్పుడు. గదిలో పాట మోగుతోంది. ఆ చప్పుడు వినపడింది పోచయ్య ఒక్కడికే.

భార్య చేయి వదిలేశాడు. వరుసకు అడ్డంగా కట్టిన తాడు దాటి గద్దె ఎక్కి, భుజం ఆనించి రెండు చేతులతో నెలవంకను కింది నుంచి ఎత్తి పట్టాడు.

"దిగుండ్రి బిడ్డా. మెల్లగ. ఒకలెనక ఒకలు."

"ప్రాంకా అంకుల్?" అంది ఒకమ్మాయి. అతని ముఖం చూసి రెండో అమ్మాయి ఆమె జబ్బ పట్టి కిందికి లాగింది.

ఓంకార్ పరుగెత్తుకొచ్చాడు. "అంకుల్, లైను తప్పి రావొద్దు."

"ఎడమ హుక్కు జూడాలె సారూ. నిచ్చెన తెప్పియ్యి."

"సేఫ్టీ చెక్ అంత అయింది."

"పైకెక్కి జూసిందెవలు?"

ఓంకార్ పైకప్పు వైపు చూశాడు. "నీకెట్ల తెలుసు, బాగలేదని?"

"కట్టింది నేనే గనుక."

అప్పటికే నాలుగైదు ఫోన్లు అతని వైపు తిరిగి ఉన్నాయి. ప్రవళిక వాటికి అడ్డం వచ్చి నిలబడింది. "మా నాయిన ఉత్తగ చెప్పడు. నిచ్చెన తెప్పియ్యిండ్రి" అంది.

నిచ్చెన వచ్చింది. నక్షత్రాల మధ్య తాను ఉంచిన చిన్న తలుపు నెట్టి, ఫోను లైటు వేసి తల లోపలికి పెట్టాడు పోచయ్య.

"ఏమున్నదంకుల్?" కింది నుంచి ఓంకార్.

"నా ముడి ఉన్నది."

ఇనపపట్టీ విల్లులా వంగింది. దాన్ని పట్టి ఉంచే రెండు స్క్రూలలో ఒకటి లేదు. తాను మూడు పేటలుగా మెలిపెట్టిన తీగలో రెండు పేటలు తెగి, మిగిలిన ఒక్కటీ సాగి మెరుస్తోంది.

"రోజుకెంతమంది ఎక్కుతరు?"

"రెండొందలు. శని, ఆదివారం ఐదొందల దాకా."

పోచయ్య నిచ్చెన పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కింద ఓంకార్ ముఖంలో నెత్తురు లేదు. వరుసను అతనే బయటికి పంపించాడు. మాల్ వాళ్ల డ్రిల్లు, బోల్టు, దాన్ని స్లాబుకు అతికించే కెమికల్ డబ్బా అతనే మోసుకొచ్చాడు. పోచయ్య స్లాబులోకి లోతుగా రంధ్రం వేసి, దుమ్ము ఊది, కెమికల్ నింపి బోల్టు దింపాడు.

"అయిపోయినట్టేనా?" అన్నాడు ఓంకార్.

"రేపు ఇదే టైము దాంక గట్టివడాలె. అప్పటిదాంక ఎవ్వలు ఎక్కొద్దు."

"క్లోజ్డ్ అని బోర్డు పెడత."

"బోర్డు జరిపి ఫొటో దిగుతరు. గుడ్డ కట్టే ఉన్నది. కాని అన్నిటికి కట్టినంక దీని మాట ఎవలు వింటరు? మిగిలినయన్ని విప్పాలె."

"మేడమ్ ఒప్పుకోదంకుల్. ఆమెను అడగాలె."

యాదమ్మ మేఘాల గదిలోకి నడిచి, సైకిలు దగ్గరికి పోయి పీలిక విప్పింది. రెండోదీ విప్పింది. "అడుగు బిడ్డా, అడుగు. ఆమె వచ్చేవరకు నేను విప్పుతుంట." మెట్లవరుస ముగిసేసరికి ఆమె కొంగు ఎర్రగా నిండింది. ఓంకార్ చెవి దగ్గర ఫోను పెట్టుకున్నాడు గానీ ఆమెను ఆపలేదు.

తలకిందుల గదిలో కుర్చీ, మంచం ఆమెకు అందలేదు. పోచయ్య నిచ్చెన వేసుకుని ఎక్కాడు. విప్పే ముందు ప్రతి బోల్టునూ పట్టి ఊపాడు. తను బిగించినవే. ఒక్కటీ కదల్లేదు. అయినా రెండోసారి ఊపాడు, ఆ తర్వాత మూడోసారి. గుడ్డ ముడి విప్పడం మాత్రం వేళ్లకు చేతకాలేదు.

"నిమ్మళంగ విప్పు" అంది యాదమ్మ కింది నుంచి, రెండు చేతులతో నిచ్చెనను అదిమి పట్టి. "నేను వట్టుకున్న."