అందరూ ముందు స్వామి ఫొటోనే తాకారు

మా సత్సంగానికి వెబ్‌సైట్ చేయించినప్పుడు, వాడేవాళ్లకి అది సులువుగా ఉందో లేదో చూసే పని నాకు అప్పగించారు. నా ఉద్యోగమూ అదే. పాలకొల్లులో మా ఇంట్లో కూర్చుని, ఎక్కడో ఉన్న మనిషి ఫోన్ తెరను వీడియో కాల్‌లో చూస్తాను. ఎక్కడ నొక్కాలో చెప్పను. ఎక్కడ తడబడతారో చూస్తానంతే.

దూరాన ఉన్నవాళ్లు కార్తీకమాసంలో ప్రతి సోమవారం జరిగే అభిషేకానికి గోత్రనామాలు ఇందులోనే నమోదు చేసుకోవాలి. నమోదు కాకపోతే స్వామి ముందు ఆ పేరు చదవరు. అందుకే నిజంగా వాడేవాళ్లతోనే పరీక్ష పెడదామన్నాను. పారాయణం చేయించే గురువుగారు ఊళ్లోని మన సభ్యులనే పిలుద్దామన్నారు. సరేనన్నాను. చిన్నప్పటి నుంచి ఆయన ఒక్కో పాదం చెబితే విని తిరిగి అన్నదాన్ని. నాకు వచ్చిన శ్లోకాలన్నీ అలా వచ్చినవే.

అందరూ ఎవరింట్లోంచి వాళ్లు కాల్‌లోకి వచ్చారు. మొదట కొట్ల వీధి పిన్నిగారు. ఆవిడ పేజీలో పైనే ఉన్న స్వామి ఫొటోను తాకారు. ఫొటో పెద్దదైంది. వెనక్కి వచ్చి, పేజీ జరిపి, నమోదు బటన్ నొక్కారు.

"ఎక్కడైనా ఇబ్బందిగా అనిపించిందా పిన్నిగారూ?"

"అబ్బే, ఏం లేదమ్మా. చక్కగా ఉంది."

తర్వాతివాళ్లూ అంతే. అందరూ ముందు స్వామినే తాకారు. నాకు కళ్లు చెమర్చాయి. భక్తులు స్వామిని తాకాకే పనిలోకి దిగుతున్నారని రిపోర్టులో రాశాను. ఎవరూ తడబడలేదని కమిటీకి మాట ఇచ్చాను.

మొదటి సోమవారం అభిషేకం అయ్యాక ఉప్పాడ నుంచి, చీరలు నేసే ఒకావిడ ఫోన్ చేశారు. "మా ఆయన పేరు చదవలేదేంటండి? ఒంట్లో బాలేదండి ఆయనకి. ఫొటో ఒక్కటే కనపడింది, పేరు రాయడానికి చోటే దొరకలేదండి."

అలాంటి ఫోన్లు ఇంకా వచ్చాయి. బటన్ ఫొటోకి బాగా దిగువన ఉంది. మరి మావాళ్లకి ఎలా దొరికింది? పిన్నిగారిని అడిగాను.

"సత్సంగం హాల్లో ముందే నేర్పించారు కదమ్మా. గురువుగారు ఒక్కోటీ చేసి చూపించారు, ఆయన వెనకాలే మేం చేశాం. నీకు మాట రాకూడదని."

"మరి ఫొటో ఎందుకు తాకారండి?"

"ఆయన తాకారుగా. వేలు జారిందో ఏంటో, మాకేం తెలుసు. అదీ చెయ్యాలేమో అనుకున్నాం."

కమిటీ సమావేశంలో ఇలా ఎందుకు జరిగిందని అడిగారు. నేను గురువుగారి వైపు చూశాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "పరీక్ష చేసింది అమ్మాయే కదండీ. అంతా బాగుందని తనే చెప్పింది" అన్నారు. పిన్నిగారు అక్కడే ఉన్నారు. హాల్లో నేర్చుకున్నవాళ్లంతా ఉన్నారు. అంతా ఆయన వెనకాలే తలలూపారు.

బటన్ పైకి మార్పించి, ఈసారి ఉప్పాడ ఆవిడతో పరీక్ష పెట్టాను. పేరు నమోదు చేసి, "ఇప్పుడు చదువుతారాండి?" అని అడిగారు. చదువుతారని ఈసారి మాట ఇవ్వలేదు. నేనే వెళ్లి వింటానన్నాను.

తర్వాతి సోమవారం వెళ్లాను. ఆ పేరు చదివారు. చదివింది గురువుగారే. ఆ తర్వాత శ్లోకం ఎత్తుకుని, మా కోసం ఆగారు. అందరూ ఆయన వెనకాల అన్నారు. నేను మాత్రం స్వామిని చూస్తూ, ఆయన కోసం ఆగకుండా నా పాటికి నేను చదువుకుంటూ పోయాను.